చేతులు కింద

మా అక్క ఎక్కడ కూర్చున్నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. బస్సులో అంతే, డాక్టరు గది ముందు బెంచీ మీద అంతే, ఇంట్లో మా మధ్య కూర్చుని టీ చల్లారే దాకా ఆగేటప్పుడు కూడా అంతే. చూసినవాళ్లు పాపం చలేస్తోందేమో అనుకుంటారు. మరీ పరిచయం లేనివాళ్లయితే ఎంత అణకువో అని మెచ్చుకుంటారు. చలీ కాదు, అణకువా కాదు. ఆ చేతుల్ని వదిలేస్తే మాట్లాడేస్తాయని ఆవిడ భయం.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, తోటికోడలు. మా బావగారి భార్య. నేను ఈ ఇంటికి చిన్న కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఇద్దరం ఒకే వంటింట్లో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ బతుకుతున్నాం. నాకు నోరెక్కువ, ముందే చెబుతున్నాను. నోట్లో నువ్వుగింజ నానదు. పైగా రోజంతా ఫోను చెవికి తగిలించుకుని, ఎవరింట్లో ఫ్రిజ్ పాడైనా వాళ్ల తిట్లు తినే ఉద్యోగం నాది. అక్కడ తిన్నవి ఇంటికొచ్చి ఎవరికో ఒకరికి వడ్డించకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని ఇది చెబుతూ మధ్యలో ఎవరి మీదైనా విరుచుకుపడితే అది నా స్వభావం అనుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

అక్క బట్టలు కుడుతుంది. మేముండేది మేడ మీద పోర్షను, కింద వడ్రంగి కొట్టు. పొద్దున్నుంచీ రంపం మోత. ముందుగది కిటికీ దగ్గర కుట్టుమిషను, మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. సూదులు నోట్లో ఉంటే మాట్లాడకూడదు కదా, అందుకని ఆవిడకి మొదటి నుంచీ చేతులతో మాట్లాడటం అలవాటు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే కత్తెర ఇవ్వమని. అరచెయ్యి ఊపితే తలుపు వెయ్యమని. నేను వాగుతుంటే వేళ్లన్నీ కలిపి బాతు ముక్కులా తెరిచి మూసేది. చాలించవే తల్లీ అని దాని అర్థం.

అక్క కూతురు పిట్ట పుట్టినప్పుడు ఎంత పెద్ద నోరనుకున్నారు! గూట్లో పిట్టపిల్లలా ఇంతింత నోరు తెరిచి ఏడ్చేది, అందుకే పిట్ట అని పిలుచుకున్నాం. రంపం మోతకి కూడా ఉలిక్కిపడకుండా పడుకుంటే, బంగారు తల్లి, ఎంత బుద్ధిగా నిద్రపోతుందో అని మురిసిపోయాం. మురిసిపోయాం చూడండి, అదీ మా తెలివి. వినపడదని తెలిసేసరికి దానికి నడక కూడా వచ్చేసింది.

కానీ నిజం చెప్పనా, తెలిసేలోపే ఆ తల్లీకూతుళ్లు కబుర్లు మొదలుపెట్టేశారు. ఎవరూ నేర్పలేదు. టికెట్టు చింపినట్టు చేస్తే నాన్న, ఎందుకంటే మా బావగారు బస్సు కండక్టరు. చూపుడువేలు ఆడిస్తూ బెదిరిస్తే నానమ్మ. బాతు ముక్కు నేను, ఇంకెవరు! చెంప పక్కన రెండు వేళ్లతో కత్తెర ఆడిస్తే అమ్మ. వాన పడుతోందనీ, వడ్రంగి తాతకి తుమ్ములొస్తున్నాయనీ, పాలు వద్దు నీళ్లు కావాలనీ, బాతు పిన్నికి ఇవాళ కోపంగా ఉందనీ, అన్నీ చెప్పేది పిట్ట. మూడేళ్లు నిండకుండానే నా మీద చాడీలు కూడా చెప్పేది. ఆ కుట్టుమిషను పక్కన వాళ్లిద్దరి నవ్వులు వింటూ నేను కుళ్లుకునేదాన్ని. మా ఇంట్లో అంత చక్కగా మాట్లాడుకునేవాళ్లు ఇంకెవరూ లేరు మరి.

అప్పుడు దానికి చెవుల వెనక వినికిడి మెషిన్లు పెట్టించారు. పెట్టించి, మాటలు నేర్పే సెంటర్లో చేర్పించారు. అక్కడి టీచర్‌గారు మంచి మనిషే, చిన్న వయసు, పిల్లలంటే ప్రాణం. ఆవిడ మొదటిరోజే తల్లులందరికీ ఒక పద్ధతి చెప్పింది. బిడ్డ పక్కన చెవి వైపు కూర్చోవాలి. పెదాలు కనపడకుండా నోరు దాచుకుని మాట్లాడాలి. చూసి కాదు, విని తెలుసుకోవాలి కాబట్టి. సైగలు అసలు చెయ్యకూడదు. సైగతో పని జరిగిపోతే బిడ్డకి మాట అవసరం ఉండదు, చెవి బద్ధకిస్తుంది. మాట సరిగ్గా పలికితే మాత్రం గట్టిగా చప్పట్లు కొట్టాలి. అంటే అమ్మ చేతులకి మిగిలిన పని చప్పట్లొక్కటే.

ఆ దారిలో మాటలొచ్చిన పిల్లలు లేరా అంటే ఉన్నారు, అబద్ధమెందుకు? సెంటరుకొచ్చే ఒక ఆటోడ్రైవరు కొడుకు ఏడాది తిరిగేసరికి వసపిట్టలా వాగడం మొదలుపెట్టాడు. వాణ్ణి చూసే మా బావగారికి ఆశ పుట్టింది. వాణ్ణి చూసిన రాత్రే భోజనాల దగ్గర అందరికీ కలిపి చెప్పేశారు. "ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ చేతులు ఊపడానికి వీల్లేదు. నా కూతురు నన్ను నాన్నా అని పిలవాలి. అంతే."

అక్క ఎంబ్రాయిడరీకి వాడే గుండ్రటి చట్రం తీసుకుని, దానికి పల్చటి నల్లగుడ్డ బిగించింది. నోటికి అడ్డం పెట్టుకుంటే శబ్దం బయటికి వస్తుంది, పెదాలు కనపడవు. టీచర్‌గారికి అది భలే నచ్చేసింది. ఇంకేం, సెంటరుకొచ్చే తల్లులందరికీ మా అక్కే కుట్టిపెట్టింది. బిడ్డకి తన ముఖం కనపడకుండా ఉండే అడ్డుని ఒక తల్లి అంత శ్రద్ధగా, అంచులు మడిచి మరీ కుట్టడం నేను చూశాను. ఆవిడ మాత్రం "పిల్లలకి మాటలొస్తాయే" అంటూ దారం కొరికింది.

ఇక మా ఇల్లు ఇల్లు కాదు, ఠాణా. "చేతులు కింద!" ఇదే మంత్రం. పిట్ట చెంప దగ్గర కత్తెర ఆడించగానే మా అత్తయ్య మూలనుంచి కేకేసేది. "చేతులు కింద!" కేక వినపడితే ఇంత గొడవెందుకు? అందుకని లేచి వచ్చి ఆ చిన్న చేతుల్ని పట్టుకుని కిందికి నొక్కేది. అత్తయ్యది దుర్మార్గం కాదు. మనవరాలి నోట నానమ్మా అనిపించుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది. బావగారు నొక్కేవారు. మా ఆయన నొక్కేవారు. నాతో కూడా నొక్కించారు. అందరికంటే ఎక్కువ నొక్కింది అక్కే, రోజంతా దానితో ఉండేది ఆవిడ కాబట్టి. నొక్కుతూ, ముఖంలోకి చూస్తూ "వద్దు" అనేవాళ్లం. సెంటర్లో పాఠానికి నోరు కప్పుకునేవాళ్లం గానీ, ఆ ఒక్క మాటకి మాత్రం ఎవరూ నోరు కప్పుకోలేదు.

పిట్ట బుద్ధిమంతురాలు. మెల్లిగా చేతులు ఆగిపోయాయి. వాటితోపాటు చాడీలు ఆగాయి, నవ్వులు ఆగాయి. నల్లగుడ్డ వెనకనుంచి "కుక్క... కుక్క బొమ్మ ఏదీ?" అని అక్క అడుగుతుంటే ఎదురుగా ఉన్న బొమ్మల వంక చూస్తూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. ఏదో ఒకటి తీసిచ్చేది. పది బొమ్మల్లో ఒకటి కుక్క అయి తీరుతుంది కదా, ఎప్పుడో ఒకసారి తగిలేది. తగిలిన రోజు ఇంట్లో పండగే. అక్క అడకత్తెరలో పోకచెక్కయిపోయింది. చెయ్యెత్తితే కూతురి మాటకి తానే అడ్డు. ఎత్తకపోతే కూతురితో మాట లేదు.

ఒకసారి వంటింట్లో గిన్నెలు తోముతూ అడిగాను. "అక్కా, ఎవరూ లేనప్పుడు చేస్తావా, నిజం చెప్పు. నేనెవరితోనూ అనను."

"నువ్వు అనకుండా ఉంటావా!" అని నవ్వింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "చెయ్యనే. స్నానాలగదిలో దానికి నీళ్లు పోసేటప్పుడు ఎవరూ ఉండరు కదా, చేతులు లేస్తాయి. అప్పుడే అనిపిస్తుంది, ఇప్పుడు నేనిలా చేశాననుకో, రేపు రావాల్సిన మాట ఈ ఒక్కసారి వల్లే రాకుండా పోయిందనుకో? జన్మంతా నన్ను నేను ఏమనుకోవాలి? అందుకే సబ్బు పట్టుకుంటాను. రెండు చేతుల్తోనూ."

నేను గిన్నె మీద పీచు ఇంకా గట్టిగా రుద్దాను.

ఆ తర్వాత చెవి సంగతి వచ్చింది. మెషిన్‌కి తగిలించి చెవిలో దూర్చే ప్లాస్టిక్ అచ్చు లోపల ఒరుసుకుని పుండు పడింది. మాకేం తెలుసు! పిట్ట అన్నం తినడం లేదు, ఏడుస్తోంది, ఏడుస్తూనే రెండు చేతులూ తొడల కింద దోపుకుని కూర్చుంటోంది. అచ్చం అక్కలాగే. కడుపునొప్పి అనుకుని కడుపు మందు పట్టాం. దిష్టి తగిలిందన్నారొకరు. సెంటరుకి వెళ్లే ముందు మెషిన్ పెట్టబోతే అది పెట్టిన కేకకి కింద వడ్రంగి రంపం ఆపి మేడెక్కి వచ్చాడు. చెవిలోంచి చీము కారింది.

నేనాగలేదు. బావగారి ఎదురుగా నిలబడి అడిగేశాను. "చెవి నొప్పి అని చెప్పడానికి ఒక్క వేలు చాలదా బావగారూ? చెవి మీద వేలు పెడితే సరిపోయేది కదా! ఆ వేలు కూడా ఎత్తకుండా చేశాం మనం. ఇది చదువా? శిక్షా?"

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని లాగింది. బావగారు కోప్పడతారనుకున్నాను, పడలేదు. యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ నెమ్మదిగా అన్నారు. "అమ్మాయ్, నువ్వు ఫోన్లో మాట్లాడతావు. నేను బస్సులో జనాన్ని చూస్తాను. నోరు లేనివాళ్లు ఎక్కితే పక్కన సీటున్నా ఎవరూ కూర్చోరు. వాళ్లు చేతులు ఊపుకుంటుంటే కుర్రాళ్లు వెక్కిరిస్తారు. చిల్లర తక్కువిచ్చినా అడగలేరు. నేను లేని రోజు నా కూతురు అలా నిలబడాలా? చెప్పు." గుండీలు పెట్టుకోవడం ఆపి నావైపు తిరిగారు. "కాస్త ఓపిక పట్టండి. నేనేమైనా శత్రువునా దానికి?"

శత్రువైతే తిట్టి పోసేదాన్ని. తండ్రి అయిపోయాడు. ఏం చేస్తాం?

చెవి మానింది. మానిన కొన్నాళ్లకే మా ఇంట్లో అద్భుతం జరిగింది. పిట్ట మూతి దగ్గరికి అత్తయ్య మందు చెంచా తెస్తే, పిట్ట ముఖం పక్కకి తిప్పి, "వద్దు" అంది. స్పష్టంగా. గంట కొట్టినట్టు. వత్తుతో సహా.

ఆ తర్వాత చూడాలి! అత్తయ్య చెంచా పారేసి ఏడ్చేసింది. అక్క చప్పట్లు కొట్టింది, అరచేతులు ఎర్రబడేదాకా కొట్టింది. బావగారు డ్యూటీ నుంచి వచ్చి, మళ్లీ అనిపించుకోవడానికి పాపం అదే చేదు మందు చెంచా పట్టుకుని కూతురి వెనకాల తిరిగారు. "వద్దు!" చప్పట్లు. "వద్దు!" చప్పట్లు. వడ్రంగి తాతకి మిఠాయి ఇచ్చారు. టీచర్‌గారు తక్కిన తల్లులకి ఉదాహరణగా చూపించింది. పిట్ట కూడా కనిపెట్టేసింది. ఆ మాట అన్నాక తల పైకెత్తి, చప్పట్లు పడేదాకా మా ముఖాల్లోకి చూసేది. మా దగ్గరనుంచి ఏళ్ల తరబడి అది చూసిన ఒకే ఒక్క మాట అదేనని మాకెవరికీ తట్టలేదు. వింటోంది, వింటోంది అని సంబరపడ్డాం. నేనూ పడ్డాను.

ఆ ధైర్యంతోనే బావగారు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తలలో చిన్న పరికరం పెట్టే ఆపరేషన్ ఉందట, అది చేయిస్తే ఇక గలగలా మాట్లాడేస్తుందట. ఆపరేషన్‌కి ముందు తలంతా స్కాన్ తీశారు. ఫలితం చెబుతామన్న రోజు పిట్టని అత్తయ్య దగ్గర వదిలి, అక్కా బావగారూ వెళ్తుంటే నేనూ సెలవు పెట్టి వెళ్లాను. టీచర్‌గారు కూడా వచ్చింది. బెంచీ మీద అక్క చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. "ఆపరేషన్ అయితే దానికి జుట్టు తీసేస్తారేమోనే" అంది. "తీస్తే మళ్లీ రాదా ఏంటి, నీ జుట్టా అది" అన్నాను. నవ్వింది.

డాక్టరు మెత్తగానే చెప్పాడు. చెవి నుంచి మెదడుకి శబ్దాన్ని మోసుకెళ్లే నరం ఉండాలి. పిట్టకి రెండు వైపులా ఆ నరం ఏర్పడలేదు. పుట్టుకతోనే లేదు. ఆపరేషన్ చేసినా లాభం లేదు. చెవి వెనక పెట్టే మెషిన్లు కూడా దానికి వినిపించి ఉండవు. ఏదో అదురు తెలిసి ఉంటుందంతే.

"మరి... వద్దు అంటుంది కదండీ" అన్నారు బావగారు.

"పెదాలు చూసి నేర్చుకుని ఉంటుంది."

వరండాలోకి వచ్చాక టీచర్‌గారు అక్క భుజాలు రెండూ పట్టుకుంది. "అమ్మా, ఈ స్కాన్ మొదటే తీయించమని నేను పట్టుబట్టాల్సింది. ఇక ఆలస్యం వద్దు. చేతులతోనే మాట్లాడండి. సైగల భాష నేర్పే బడి ఉంది, నేనే దగ్గరుండి చేర్పిస్తాను. ఇంట్లో మాత్రం ఇవాళే మొదలుపెట్టండి." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా అని నా నాలుక చివరిదాకా వచ్చింది. టీచర్‌గారి కళ్లనిండా నీళ్లు చూసి మింగేశాను. నేను మాట మింగిన సందర్భాలు తక్కువ, గుర్తుపెట్టుకోండి.

బావగారు మెట్ల మీద కూర్చుండిపోయారు. తలెత్తలేదు. అక్క మాత్రం, మీరు నమ్మరు, ఏడవలేదు. తొందరపడింది. ఆయన్ని రెక్క పట్టుకుని లేపింది. "లేవండి, బస్సు వెళ్లిపోతుంది" అంది. బస్సులో నా పక్కన కూర్చుంది. చేతులు ఒళ్లో పైకే ఉన్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి. ఆ వేళ్లు ఊరుకోవడం లేదు, లోలోపల ఏవో కుట్లు వేస్తున్నట్టు కదులుతున్నాయి.

"అన్నీ గుర్తున్నాయే నాకు" అంది కిటికీలోంచి చూస్తూ. "వాన, నీళ్లు, వడ్రంగి తాత తుమ్ము. నిన్ను బాతు అనేది గుర్తుందా? ముందు దానికి చెవి నొప్పి రోజు సంగతి చెప్పాలి. అమ్మకి తెలియలేదమ్మా అని చెప్పాలి. ఎన్ని ఉన్నాయో! ఎక్కడ మొదలుపెట్టను?"

"ముందు అమ్మ అని చెప్పు. తర్వాత బాతు" అన్నాను. ఆ నిమిషాన నాకు డాక్టరు గుర్తులేడు, లేని నరం గుర్తులేదు. తల్లీకూతుళ్లు మళ్లీ మాట్లాడుకుంటారు, మిషను పక్కన మళ్లీ నా మీద చాడీలు చెప్పుకుంటారు, అదొక్కటే కనపడుతోంది. అంతకంటే నాకేం కావాలి?

ఇంటికొచ్చేసరికి పిట్ట మిషను పక్కన నేల మీద కూర్చుని డబ్బాలోంచి గుండీలు తీసి రంగులవారీగా పేరుస్తోంది. అక్క చెప్పులు కూడా విప్పలేదు. ఎదురుగా చతికిలబడి, దాని రెండు చెవులనుంచీ మెషిన్లు మెల్లిగా తీసి పక్కన పెట్టింది. పిట్ట చెవి రుద్దుకుని, ఎందుకు తీశావన్నట్టు చూసింది. కింద రంపం మోగుతూనే ఉంది.

అక్క కుడిచెయ్యి ఎత్తింది. చెంప పక్కన రెండు వేళ్లు పెట్టి కత్తెర ఆడించింది.

పిట్ట ఆ వేళ్ల వంక చూసింది. కళ్లలో ఏదో మెదిలిందని నాకనిపించింది, ఒట్టు. దాని వేళ్లు కూడా గుండీల మీద కాస్త కదిలాయి. అక్క ముఖం విప్పారింది. రెండో చెయ్యి కూడా ఎత్తి, మళ్లీ ఆడించింది. అమ్మ. అమ్మనమ్మా.

పిట్ట గబుక్కున గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఆ వెనక బావగారు. "చెప్పనీ తల్లీ, చెప్పనీ, నేనేమీ అననే!" అంది అత్తయ్య ఏడుస్తూ. ఏం లాభం? పిట్టకి కనపడేది నానమ్మ, ఆవిడ కదిలే నోరు. అంతే.

దాని చేతిలోంచి గుండీలు జారిపోయాయి. భయంతో ముందుకి వంగి తల్లి చేతులు రెండూ పట్టుకుంది. గట్టిగా, కోప్పడకుండా, అక్క ఇన్నేళ్లూ దాని చేతుల్ని ఎలా దింపేదో అచ్చం అలాగే కిందికి దించి, ఒళ్లో పెట్టి నొక్కింది. ముఖంలోకి చూసింది.

"వద్దు" అంది.

స్పష్టంగా అంది. వత్తుతో సహా. అని, తల పైకెత్తి, ఎప్పట్లాగే చప్పట్ల కోసం ఎదురుచూసింది. గదిలో మేం ఎవరం కదల్లేదు. చప్పట్లు కొట్టాల్సిన చేతులు రెండూ ఆ పిల్ల గుప్పిట్లోనే ఉన్నాయి.